తొంభై ఏడు శాతం దగ్గర

"బర్న్ చేస్తున్నా, తలుపు మెల్లగా వెయ్యి" అంటాడు ఇల్గ్వార్స్.
పొగ రాదు. బూడిద మిగలదు.
ట్రే మాత్రం నాలుక చాపినట్టు బయటికొచ్చి
ఇంకో డిస్కు అడుగుతుంది.

లియెపాయలో జూన్ నెలాఖరు.
రాత్రి పదకొండైనా వంటింట్లో దీపం వెయ్యక్కర్లేదు.
శనివారానికి నలభై కావాలి,
మా బృందగానం వాళ్ళకి మనిషికొకటి.
ఆల్టోలం పదకొండుమంది, అందులో నేనొకతెను.
మూడో పాటలో తుమ్మింది కూడా నేనే.

రాయడం దాకా బాగానే సాగుతుంది.
సరిచూడటం దగ్గరే పేచీ.
పచ్చ గీత పాకి పాకి
తొంభై ఏడు దగ్గర ఆగి, సరిపోలేదు అంటుంది.
ఎందుకో చెప్పదు.
ఒక పొడుగాటి అంకె మాత్రం చూపిస్తుంది.

ముప్పై ఏళ్ళు రేవులో క్రేను నడిపిన మనిషి.
పెట్టె దించాక కొక్కెం వదలాలంటే
కిందనున్నవాడు చెయ్యెత్తాలి.
ఎత్తకపోతే గంటైనా అలాగే పట్టుకుని కూర్చునేవాడు.
అందుకే నేను
"పాడుతోందిగా, పోనీలే, ఇచ్చేద్దాం" అన్నప్పుడు
నా వంక చూసిన చూపుంది చూడండి,
ఓడ మునిగిందన్నా అలా చూడడు.

పక్కింటి రేనార్స్ తనకు తోచిందల్లా చెప్పాడు.
పదహారు వేగం వద్దు, నాలుగులో పెట్టండి.
పెట్టాడు. ఒక్కో డిస్కూ
రై పిండి పులిసినంత నింపాదిగా తయారైంది.
సరిపోలేదు.
లెన్స్ తుడవండి.
నా కళ్ళద్దాల గుడ్డ అలా పోయింది.
సరిపోలేదు.
చవక సరుకు మానండి.
జపాన్‌దని రాసున్న డబ్బా తెచ్చాడు, మూడు రెట్ల ధర.
మూడు రెట్ల ధరకీ సరిపోలేదు.
కేబుల్ మార్చాడు. పిల్లిని గదిలోంచి గెంటేశాడు.
గీత తొంభై దాటగానే
ఊపిరి బిగబట్టి కూర్చోవడం మొదలుపెట్టాడు.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు
పూటకో నేరస్తుణ్ణి పట్టుకొచ్చేవాడు.
శిక్షపడ్డ డిస్కుల కంతల్లోంచి దారం పోసి
నేను చెర్రీ చెట్టుకు వేలాడదీశాను.
పిట్టలు రెండు రోజులు బెదిరాయి.
మూడోరోజు వాటిలో మొహం చూసుకుంటూ తిన్నాయి.

గురువారం రాత్రి కాగితం మీద అంకెలు వేస్తున్నాడు.
ఒకే డిస్కుని మూడుసార్లు సరిచూశాడట.
తప్పు మొదట మధ్యలో ఎక్కడో,
మళ్ళీ చూస్తే అంచు దగ్గర,
మళ్ళీ చూస్తే మొదట్లోనే.
"స్కైద్రీతె" అన్నాడు, గొంతు తగ్గించి,
ఎవరైనా వింటారేమో అన్నట్టు,
"గీత పడితే పడ్డచోటే ఉంటుంది.
గీత నడవదు."

ఆ రాత్రంతా కంప్యూటరు
తన జ్ఞాపకాన్ని తానే తడుముకుంది.
పొద్దున లేచేసరికి తెర నిండా ఎర్ర వరసలు.
లోపలున్న రెండు మెమరీ పలకల్లో ఒకటి
చెప్పింది చెప్పినట్టు పట్టుకోలేకపోతోంది.
ఒకటి దాచమంటే సున్నా అప్పజెబుతోంది,
అదీ ఎప్పుడో ఒకప్పుడు,
అనుమానం రానంత అరుదుగా.
మద్దెల బాగానే ఉంది.
తాళం వేసేవాడికి చెవుడు.

ఆ పలక పీకేసి, పైజమాతోనే నిచ్చెనెక్కాడు.
రెట్టలు గోరువెచ్చని నీళ్ళతో కడిగి,
మధ్యనుంచి అంచుకు మెత్తగా తుడిచి
ఒక్కొక్కటీ ట్రేలో పెట్టాడు.
పచ్చ గీత తొంభై ఏడు దాటింది.
తొంభై ఎనిమిది.
నేను కూడా గరిటె పట్టుకుని నిలబడిపోయాను.

చెయ్యని నేరానికి ఎండలో వేలాడినవి తొమ్మిది.
తక్కిన రెండూ నిజంగానే చెడ్డవి,
రాసేటప్పుడే ఆ మతిమరుపు వాటిలోకి దిగింది.

శనివారం నలభై పంచాం.
వెల్తా గారు రెండుసార్లు లెక్కపెట్టింది.
చెడ్డవాటిలో ఒకటి నేను దాచుకున్నాను,
కుట్టుపెట్టెలో, గుండీల కింద.
మూడో పాటలో టక్కుమని చిన్న ఎదురుదెబ్బ,
ఆ దెబ్బకి నా తుమ్ములో సగం మాయం.
నలభైమంది ఇళ్ళలో నేను తుమ్ముతూనే ఉంటాను,
ఈ ఒక్కదాంట్లో కాస్త మర్యాదగా ఉన్నాను.

ఇల్గ్వార్స్‌కి చెప్పలేదు.
చెబితే సరిచూస్తానంటాడు.